డబుల్ ప్రామ్ కొనేముందు గుమ్మం కొలవండి

మీరు అడిగింది ఇదీ: మార్చిలో రెండో కాన్పు, అప్పటికి బాబుకి ఇంకా రెండేళ్లు నిండవు, ఇంగ్లండ్‌లోని స్లౌలో పాత టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసి వరసగా ఉండేది), చిన్న కారు. డబుల్ ప్రామ్ (ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి) కొనాలా వద్దా, కొంటే పక్కపక్కన సీట్లుండేదా, ముందూ వెనకా ఉండేదా? మేం రెడింగ్‌లో ఉంటాం. మా బాబుకీ పాపకీ మధ్య ఎడం ఇంచుమించు అంతే. పాప పుట్టినప్పటి నుంచి బాబు నర్సరీలో చేరేదాకా డబుల్ ప్రామ్ లేనిదే మేం గడప దాటలేదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ విషయంలో కొనాల్సిందే అంటాను. రెండున్నర, మూడేళ్ల ఎడం ఉంటే వద్దనే చెప్పేదాన్ని. ఆ వయసు పిల్లలకి సింగిల్ ప్రామ్ వెనక తగిలించే బగ్గీ బోర్డు చాలు, దాని మీద నిలబడి హాయిగా తిరిగొస్తారు. రెండేళ్లలోపు వాళ్ల సంగతి వేరు. వెళ్లేటప్పుడు "నేను నడుస్తా" అని పరుగు తీస్తారు, వచ్చేటప్పుడు సగం దారిలో చతికిలబడి ఎత్తుకోమంటారు. సిజేరియన్ అయితే మొదటి కొన్ని వారాలు బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తొద్దంటారు. పన్నెండు కిలోల పిల్లాణ్ని నడిరోడ్డు మీద ఎలా ఎత్తుతారు? చంటిబిడ్డనైతే స్లింగ్‌లో కట్టుకునైనా వెళ్లొచ్చు. డబుల్ ప్రామ్ నిజంగా పనికొచ్చేది పెద్దవాడికే. అందుకే ఏ మోడల్ చూసినా ముందు బాబుని ఆ సీట్లో కూర్చోబెట్టి చూడండి. కాళ్లు ఎక్కడ ఆనుతున్నాయి, తల హుడ్‌కి తగులుతోందా, ఎదురుగా ఏమైనా కనిపిస్తోందా లేదా చూసుకోండి.

ముందూ వెనకా సీట్లుండేవాటిలో నాకు నచ్చనిది ఇక్కడే. అప్పాబేబీ విస్టా, ఐక్యాండీ పీచ్ లాంటివి చూడ్డానికి బాగుంటాయి, వెడల్పు సింగిల్ ప్రామ్ అంతే కాబట్టి షాపుల్లో ఇబ్బంది ఉండదు. కానీ చాలావాటిలో కింది సీటు ఇరుకు. దాంట్లో పెద్దవాణ్ని పెడితే కాళ్లు ముడుచుకోవాలి, పైసీటు వీపు తప్ప ఏమీ కనపడదు. ఇంకో సంగతి. ఇండియన్ షాపు నుంచి వచ్చేటప్పుడు బియ్యం, కూరల సంచులు హ్యాండిల్‌కి తగిలిస్తాం కదా. ముందు సీట్లో ఉన్న పిల్లాడు గబుక్కున దిగాడంటే ముందు బరువు పోయి బండి వెనక్కి ఒరుగుతుంది. మా స్నేహితురాలి బండి అలాగే లేచింది. అందులో ఉన్న వాళ్ల పాపకి బెల్టు పెట్టి ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఏ ప్రామ్ అయినా సంచులు కింది బుట్టలోనే పెట్టండి.

నా ఓటు పక్కపక్కన సీట్లున్నదానికే. ఇద్దరికీ ఒకే ఎత్తు, ఒకే చూపు. మా బాబు చెల్లిని చూస్తూ కూర్చునేవాడు, దాంతో కొత్తబిడ్డ వచ్చిందన్న అలక కూడా చాలావరకు తగ్గింది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: ప్రేమకొద్దీ తన చేతిలో బిస్కెట్ ముక్క చెల్లి నోట్లో పెట్టబోతాడు. చంటిబిడ్డ వైపు సీటు బదులు గోడలున్న క్యారీకాట్ (చంటిబిడ్డని పడుకోబెట్టే తొట్టి) పెట్టుకుంటే ఆ టెన్షన్ చాలా తగ్గుతుంది. ఎలాగూ మొదటి నెలల్లో బిడ్డ వెల్లకిలా చదునుగా పడుకోవాలి, కాబట్టి క్యారీకాట్ గానీ పూర్తిగా వాలే సీటు గానీ ఉన్నదే చూడండి. కారు సీటుని ప్రామ్ మీద బిగించి గంటల తరబడి తిప్పడం మంచిది కాదు.

ఇక గుమ్మం. పక్కపక్కన సీట్లున్నవాటిలో బుగబూ డాంకీ ఇద్దరికి విప్పినప్పుడు దాదాపు 74 సెంటీమీటర్లు, అవుట్ అండ్ అబౌట్ నిప్పర్ డబుల్ 72 దాకా, మౌంటెన్ బగ్గీ డ్యుయెట్ అయితే 65 లోపే. మీ తలుపు 762 మిల్లీమీటర్ల తలుపే అనుకోండి, అందులో 74 పట్టేస్తుందని లెక్కేసుకోకండి. తలుపు పూర్తిగా తెరిచి, తెరిచిన తలుపు చెక్క నుంచి ఎదుటి ద్వారబంధం దాకా టేపు పట్టండి. తలుపు మందం పోగా మిగిలేది అంతకంటే తక్కువే. ఇంగ్లండ్‌లో 1999 చివరి నుంచి కట్టిన కొత్త ఇళ్లకి ముందు ద్వారం కనీసం 775 మిల్లీమీటర్ల ఖాళీ ఇవ్వాలని నిబంధన ఉంది. పాత టెర్రస్ ఇళ్లకి ఆ భరోసా లేదు. గుమ్మం దాటగానే ఇరుకు హాలు, ఎదురుగా మెట్లు ఉంటాయి కాబట్టి బండి లోపలికి వచ్చాక ఎక్కడ నిలుపుతారో కూడా చూసుకోండి. రోజూ మడత పెడితే గానీ మనుషులు నడవలేని ఇంట్లో అది వారం తిరక్కుండా కారు డిక్కీలోకి చేరుతుంది. ఆ డిక్కీలో పడుతుందో లేదో షాపువాళ్లని అడిగి అక్కడే పెట్టి చూడండి, ఏమీ అనుకోరు.

బస్సుల గురించి. వీల్‌చైర్ స్థలం ఖాళీగా ఉంటే ప్రామ్ పెట్టుకోవచ్చు, వీల్‌చైర్‌లో ఎవరైనా వస్తే మనం జరగాలి లేదా మడత పెట్టాలి. డ్రైవర్ ఒక్కమాట అడిగి ఊరుకుంటే సరిపోదని 2017లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అది న్యాయమే, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి వేరే దారి లేదు. కాబట్టి ఒక చేత్తో బిడ్డని పట్టుకుని రెండో చేత్తో మడత పెట్టగలరా అన్నది షాపులోనే తేల్చుకోండి. రైలు నయం. మీ స్లౌ, మా రెడింగ్ రెండూ లండన్ మీదుగా వెళ్లే ఎలిజబెత్ లైన్ రైలు మార్గం మీదివే, ఆ లైన్‌లో ఏ స్టేషన్‌లో అయినా మెట్లెక్కకుండా ప్లాట్‌ఫాం దాకా వెళ్లొచ్చు. మన వైపు స్టేషన్లలో ప్లాట్‌ఫాం నుంచి రైల్లోకి మాత్రం కాస్త ఎత్తు ఉంటుంది, ముందు చక్రాలు లేపాలి.

పురుటికి మీ అమ్మగారో అత్తగారో వస్తుంటే ఆవిడ చేతికి కూడా బండి అందాలి. మా ఆయన ఆరడుగులు, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఐదడుగుల లోపు. హ్యాండిల్ ఎత్తు మార్చుకునే వీలుండబట్టి అమ్మ రోజూ పిల్లలిద్దర్నీ పార్కుకి తీసుకెళ్లగలిగింది. బ్రేక్ కూడా చెప్పులతో తొక్కినా తేలిగ్గా పడేలా ఉండాలి. అమ్మకి ఇంకో అలవాటు, గాలీ దిష్టీ తగలకుండా హుడ్ మీద పల్చటి చీర ముక్క కప్పేది. ఎండలో అలా కప్పితే లోపల వేడి బాగా పెరిగిపోతుంది. ఈ సంగతి ఆవిడకి మెల్లగా చెప్పి, దిష్టిచుక్క పెట్టి సరిపెట్టుకోమన్నాను.

డబ్బు సంగతి. డాంకీ కొత్తది ఇద్దరికి సరిపడా సామానుతో వెయ్యి పౌండ్లు దాటుతుంది. అంత పెట్టొద్దు. ఈ బండ్లని జనం రెండేళ్లలో అమ్మేస్తారు, ఎన్‌సీటీ (తల్లిదండ్రులకి సాయం చేసే ఇక్కడి స్వచ్ఛంద సంస్థ) వాళ్ల సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో మంచివి దొరుకుతాయి. వెళ్లినప్పుడు బ్రేక్ వేసి గట్టిగా తోసి చూడండి, బెల్టు బకిల్స్ అన్నీ పెట్టి తీయండి, మడత లాక్ సరిగ్గా పడుతోందో చూడండి, ఖాళీ బండిని వదిలితే తిన్నగా వెళ్తుందో పక్కకి లాగుతుందో గమనించండి. ఒక్కో సీటు ఎంత బరువు మోస్తుందో కూడా చూడండి, కొన్ని 15 కిలోల దాకానే, కొన్ని 22 దాకా. పెద్దవాడు ఇంకో ఏడాదైనా కూర్చోవాలంటే రెండో రకమే మేలు.

మీ గుమ్మం ఖాళీ, హాలు వెడల్పు, కారు మోడల్ ఇక్కడ రాయండి. ఏవి సరిపోతాయో, ఏవి అసలు చూడక్కర్లేదో పేర్లతో చెప్తాను.