గల్లీ వెడల్పు కోసం ఇళ్ల స్థలాలు సర్దుకోవచ్చా?

ప్రశ్న: వరంగల్ గిర్మాజీపేటలో మా గల్లీ 9 అడుగులే. లోపలి రెండు ఇళ్ల దాకా ఆటో కూడా రాదు. ఏడు ఇళ్లవాళ్లం స్థలాలు కలిపి, 20 అడుగుల దారి వదిలి, మిగిలింది మళ్లీ పంచుకుందామనుకుంటున్నాం. భాగపంపిణీ పత్రం రాసుకుంటే ఖర్చు తక్కువంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ మాట వినకండి. భాగపంపిణీ ఉమ్మడి హక్కుదారుల మధ్యే చెల్లుతుంది. మీలో ఎవరి ఇల్లు వారిదే కాబట్టి మీకు కావలసింది మార్పిడి దస్తావేజు. 1882 ఆస్తి బదిలీ చట్టం 118వ సెక్షన్ ఇద్దరి మధ్య మార్పిడి గురించే చెబుతుంది. అందుకని ఏడుగురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టకుండా, ఇద్దరిద్దరుగా రాసుకోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పదు. స్టాంపు సుంకం రెండు ఆస్తుల్లో ఎక్కువ విలువ ఉన్నదాని మీద పడుతుంది. కనుక ఇల్లు మొత్తం రాయకండి, చేతులు మారే ముక్క వరకే రాయండి. ఖర్చు అక్కడే తగ్గుతుంది.

ముందు లెక్క తేల్చుకోండి. గల్లీ పొడవు 120 అడుగులనుకుంటే, పెంచే 11 అడుగులకు 1,320 చదరపు అడుగులు, అంటే దాదాపు 147 గజాలు కావాలి. ఏడు స్థలాలూ కలిపి 980 గజాలైతే తలా 15 శాతం తగ్గుతుంది. 200 గజాలవారికి 170, 90 గజాలవారికి 76.5 మిగులుతాయి. చిక్కు ఎక్కడంటే, నేల పోయేది గల్లీని ఆనుకున్నవారికి, ఎక్కువ మేలు జరిగేది లోపలివారికి. లోపలివారు తమ 15 శాతాన్ని ముందువారికి ఆనుకున్న ముక్కగా ఇవ్వాలి. అలా కుదరకపోతే డబ్బుగా ఇచ్చి, ఆ మొత్తాన్ని దస్తావేజులోనే చూపాలి. నోటిమాటగా వదిలేస్తే గొడవ అక్కడే మొదలవుతుంది.

లైసెన్సు ఉన్న సర్వేయరుతో పాత హద్దులు, కొత్త హద్దులు వేరువేరు రంగుల్లో గీయించి ప్లానును ప్రతి దస్తావేజుకూ జతచేయండి. ఏడు ఇళ్లకూ ఈసీలు (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రాలు) తీయండి. పెద్దవారు చనిపోయిన ఇంట్లో, పెళ్లయిన ఆడపిల్లలతో సహా వారసులంతా సంతకం చేయాలి. మైనరు వాటా ఉంటే 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి లేకుండా తండ్రి కూడా మార్పిడి చేయలేడు. చేస్తే ఆ మైనరు తర్వాత దాన్ని రద్దు చేయించవచ్చు. కాగితాలు బ్యాంకులో తాకట్టు ఉంటే రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోండి. నోటరీ కాగితం మాత్రమే ఉన్నవారిని మార్పిడిలోకి తేకండి. వారికి రాసిచ్చే హక్కే తేలలేదు.

దారిగా వదిలిన నేలను మీ పేర్లమీదే ఉంచుకోకండి. రేపు ఎవరి కొడుకైనా గోడ కడితే మళ్లీ కోర్టే. మార్పిడి జరిగిన రోజే నగరపాలక సంస్థకు రిజిస్టర్డ్ దానపత్రం ఇచ్చి, స్వీకరించినట్టు కాగితం తీసుకోండి. కొత్తగా కట్టేటప్పుడు జీవో 168 (భవన నిర్మాణ నియమాల ఉత్తర్వు) కింద సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపు అడగదలిస్తే, దానపత్రానికి ముందే దరఖాస్తు పెట్టండి.

ఒకరు ఒప్పుకోకపోతే ఆరుగురి సంతకాలతో ఆయన నేల కదలదు. ఆయన స్థలాన్ని వదిలేసి, ఆయన దారి మూయకుండా ప్లాను మళ్లీ గీయించండి.