డెనిస్ లా పోయాడని రాశావు

అంబాజీపేట,
18-1-2025

చి. శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో లివర్‌పూల్ క్లబ్బంటే పడిచచ్చే మీ కుర్రాళ్ళు, మీకు పడని మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు పాత ఆటగాడు డెనిస్ లా పోయాడని గడియార స్తంభం సెంటర్లో ఫ్లెక్సీ కడతామంటున్నారనీ, యునైటెడ్ అభిమానులు వెటకారమనుకుంటారేమోననీ రాశావు. అనుకుంటారు మరి. మన కోనసీమ శ్రద్ధాంజలి ఫ్లెక్సీల్లో పోయినాయన స్టాంపంత, కట్టించినవాళ్ళు నల్ల కళ్ళజోళ్ళతో నిలువెత్తున! మీ మొహాలొద్దు. మీ క్లబ్బు బొమ్మా వద్దు. ఆయన ఫొటో, 1940–2025, కింద చిన్న అక్షరాల్లో ‘లివర్‌పూల్ అభిమానులు’. చాలు.

నేను చేసిన వెధవపని చెబుతాను, విను. ఖరగ్‌పూర్ రైల్వేలో ఉండగా నాకు కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఈస్ట్ బెంగాల్ పిచ్చి పట్టింది. తులసీదాస్ బలరాం మూలంగానే. సికింద్రాబాద్ కుర్రాడు కలకత్తా వెళ్ళి ఆ క్లబ్బుకి కెప్టెన్ అయ్యాడంటే మనవాడే అనిపించేది. (ఆయన ఆట నేను కళ్ళారా చూడలేదనుకో.) 2020 ఏప్రిల్ 30న మా పోటీ క్లబ్బు మోహన్ బగాన్ ఆటగాడు చునీ గోస్వామి పోయారు. లాక్‌డౌన్ రోజులు. ఆ క్లబ్బంటే ప్రాణం పెట్టే నా పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. ‘గొప్ప ఆటగాడు దాదా’ అని ఊరుకోవచ్చుగా! ‘కానీ మా బలరాం ముందు...’ అన్నాను. అవతల ఫోన్ పెట్టేశాడు.

2023 ఫిబ్రవరి 16న బలరాం పోతే నాకొచ్చిన మొదటి ఫోన్ ఆయనదే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం సంగతి ఎత్తి, ‘చునీ కెప్టెన్సీ చేశాడంటే పక్కన మీ బలరాం ఉండబట్టే’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అంచేత ఆ ‘కానీ’ ఒక్కటీ రాయొద్దురా. డెనిస్ లా ఆట రాయండి. యునైటెడ్‌కి 404 మ్యాచ్‌ల్లో 237 గోల్స్, 1964లో యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్. మీకూ ఓ చుట్టరికం ఉంది: కుర్రతనంలో హడర్స్‌ఫీల్డ్ క్లబ్బులో ఆయన ఆడింది, తర్వాత మీ లివర్‌పూల్ మేనేజరైన బిల్ షాంక్లీ దగ్గరే. 1974లో మాంచెస్టర్ సిటీ తరఫున యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే మడమతో గోల్ కొట్టి, గంతులెయ్యకుండా మొహం వేలాడేసుకున్నాడు. తన పాత క్లబ్బు మీద కొట్టాడు కదా! నన్నడిగితే 237 కంటే ఆ ఒక్క గోలే రాయమంటాను.

మీవాళ్ళలో ఎవడైనా మ్యూనిక్ విమానం పాట ఎత్తితే అక్కడే నోరు మూయించు. 1958లో యునైటెడ్ జట్టు ఎక్కిన విమానం కూలి 23 మంది పోయారక్కడ. హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో పోయిన మీ లివర్‌పూల్ అభిమానులు 97 మంది గురించి అవతలివాడు వాగితే నీకెలా ఉంటుందో యునైటెడ్ వాళ్ళకీ అంతే.

రేపు సాయంత్రం బ్రైటన్‌తో యునైటెడ్ మ్యాచ్. మీ పక్కింటి కుర్రాడు వాళ్ళ మనిషేగా, వెళ్ళి వాడి పక్కన కూర్చో. మౌనం పాటించేటప్పుడు నువ్వూ లేచి నిలబడు. మ్యాచ్ ఓడిపోయినా రేపటికి మాత్రం ఏమీ అనకు. ఎల్లుండి నీ ఇష్టం.

మావయ్య