ఎమ్మారైలో మాయ సరిగ్గా కనిపించలేదన్నారు... మళ్లీ తీయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 33. చెన్నైలో ఉంటున్నాం. ఇప్పుడు 29వ వారం. మొదటి రెండు కాన్పులూ సిజేరియన్లే. మాయ కిందికి ఉందనీ, పాత కుట్ల దగ్గర గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయిందేమోననీ ఎమ్మారై తీయించారు. కదలికల వల్ల చిత్రాలు మసకగా వచ్చాయని మళ్లీ రమ్మంటున్నారు. బిడ్డకు ప్రమాదం లేదా?
- ఒక సోదరి, చెన్నై

సలహా: ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, కాంట్రాస్ట్ మందు (చిత్రం మరింత స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించేది) ఇవ్వకుండా తీసే స్కాన్ వల్ల కడుపులోని బిడ్డకు హాని కలిగినట్లు ఇంతవరకూ తేలలేదు కాబట్టి, రెండోసారి తీయించుకోవడానికి భయపడనక్కర్లేదు. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మాత్రం మాయను దాటి బిడ్డను చేరుతుంది గనుక, తప్పనిసరైతే తప్ప గర్భిణులకు ఇవ్వరు.

మీరు వెళ్తున్న సమయమూ సరైనదే. 24 వారాలకు ముందు మాయ పూర్తిగా ఎదగదు; నెలలు నిండేకొద్దీ గర్భసంచి గోడ పలచబడి, మాయ సహజంగానే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. అందుకే 28 నుంచి 32 వారాల మధ్య తీయడం మేలంటారు.

చిత్రం నాణ్యత కొంత మీ చేతుల్లోనూ ఉంది. మూత్రాశయం సగం నిండి ఉండాలి: పూర్తిగా ఖాళీ అయితే దాని గోడ ముడుచుకుని, గర్భసంచికీ దానికీ మధ్య హద్దు తెలియదు, మరీ నిండితే మీరు స్థిమితంగా పడుకోలేరు. వెల్లకిలా ఇబ్బందైతే ఎడమవైపు ఒరిగి పడుకుంటానని అడగండి. ఊపిరి బిగపట్టమనే సూచనలు ఇక్కడ తరచూ తమిళంలోనే వినిపిస్తాయి. అర్థమయ్యేలోగా ఆ క్షణం దాటిపోతుంది, కనుక తెలుగులో చెప్పమని ముందే కోరండి.

మిగిలింది రేడియాలజిస్టు పని. ఒక్కో పొరను సెకను లోపే పట్టే పద్ధతులు వాడి, మాయ అతుక్కున్న గోడకు లంబంగా పలుచని పొరల్లో తీస్తూ, బిడ్డ కదిలినప్పుడల్లా ఆ భాగాన్ని మళ్లీ తీయాలి. గర్భసంచి కాసేపు బిగుసుకున్నా మాయ ఉబ్బినట్లు కనిపించి జబ్బేమోనన్న భ్రమ కలుగుతుంది. కొన్ని నిమిషాలాగి తీస్తే ఆ ఉబ్బు ఉండదు. 3 టెస్లా యంత్రం (టెస్లా అంటే అయస్కాంత శక్తికి కొలత) కోసం వెతుక్కుంటూ తిరగకండి. ఉమ్మనీటి వల్ల అందులో ఒక్కోసారి నీడలు పడతాయి, 1.5 టెస్లా సరిపోతుంది. పాత అల్ట్రాసౌండ్, డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్) రిపోర్టులు, సిజేరియన్ కాగితాలు వెంట తీసుకెళ్తే ఎక్కడ నిశితంగా చూడాలో వారికి తెలుస్తుంది.

రెండో స్కాన్ ఎంత బాగా వచ్చినా, నా ఉద్దేశంలో అది అల్ట్రాసౌండ్‌కు తోడే గానీ ప్రత్యామ్నాయం కాదు. కాబట్టి దాని ఫలితం కోసం ఆగకుండా, బ్లడ్ బ్యాంకు, అనుభవమున్న సర్జన్లు, పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో కాన్పుకు ఇప్పటినుంచే ఏర్పాటు చేసుకోండి. ఈలోగా కాస్త రక్తం కనిపించినా స్కాన్ తేదీ వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.