ఓపెన్ సోర్స్‌కి కోడ్ ఇవ్వాలంటే ఎంత కోడింగ్ వచ్చి ఉండాలి?

నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్. డేటా స్ట్రక్చర్ల పాఠాలన్నీ పూర్తిచేశాకే మొదలుపెట్టాలా, అలాంటి కోడ్ పెట్టే గిట్‌హబ్ సైట్‌లో పేరుంటే ఉద్యోగం వస్తుందా అని కూడా అడిగాడు. ఉద్యోగం సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. నేనిచ్చిన మొదటి కోడ్ తొమ్మిది లైన్లు. దానికి డేటా స్ట్రక్చర్లు అక్కర్లేకపోయింది. మా మామ బాకీల లెక్క అక్కరకొచ్చింది.

మా మేనమామకు దేవరకద్రలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. రైతులకు ఉద్దెర ఇస్తాడు, పంట అమ్ముకున్నాక వసూలు చేసుకుంటాడు. ఖాతా పుస్తకం మాన్పించి ఒక ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించింది నేనే. రైతుల పేర్లు, ఊర్లు అన్నీ తెలుగులోనే ఎక్కించాం. కొన్ని దుకాణంలో కంప్యూటర్ మీద, కొన్ని ఇంటి దగ్గర మా అత్త ఫోన్‌లో. పత్తి అమ్మకాలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే మామ ఫోన్ చేశాడు. "ఏందిరా ఇది, మరికల్‌ల బాకీ ఉన్నోళ్లు ఎనిమిది మందేనా? మిగిలినోళ్లు ఏడికి వోయిండ్రు?"

నాకు టెన్షన్ పట్టుకుంది. లక్షల్లో ఉద్దెర ఉంది, పుస్తకం మాన్పించింది నేను. బస్సెక్కి వెళ్లి చూస్తే రైతులందరూ లిస్టులో ఉన్నారు. సెర్చ్‌లో మరికల్ అని కొడితే మాత్రం ఎనిమిది మందే వస్తున్నారు. వచ్చిన మరికల్‌ని, రాని మరికల్‌ని తెర మీద ఒకదాని కింద ఒకటి పెట్టి చాలాసేపు చూశాను. వెంట్రుకంత తేడా లేదు. చివరికి రెండింటి పొడవు ఎంతని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని అడిగితే ఒకదానికి 6 అంది, ఇంకోదానికి 7 అంది. మ, ర, గుడి, క, ల, పొల్లు. ఆరు. మరి ఏడోది ఏది?

అది కంటికి కనబడని గుర్తు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దాని నంబరు 200సీ, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. మహబూబ్‌నగర్ అని రాయాలంటే అది ఉండాలి, లేకపోతే బ కింద న ఒత్తు పడి మహబూబ్నగర్ అవుతుంది. మా అత్త ఫోన్ కీబోర్డు ప్రతి పొల్లు వెనకా దాన్ని తనే పెట్టేస్తోంది, మాట చివర ఉన్నా సరే. దుకాణంలో కీబోర్డు పెట్టదు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు వేరే ఊర్లు.

ఈ బాధ మన పాలమూరు వైపు ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదని నా గట్టి నమ్మకం. నవాబ్‌పేట, నాగర్‌కర్నూల్, షాద్‌నగర్, మహబూబ్‌నగర్, అన్నింటికీ నడుమ పొల్లే. నిజాం కాలం ఉర్దూ పేర్లు కలిసిన ఊర్లు మనవి. కాకినాడ, రాజమండ్రి రాసుకునేవాళ్లకు ఈ గుర్తుతో పనే పడదు. అందుకే ఇలాంటివి మనమే పట్టుకోవాలి, మనమే సరిచేయాలి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి, గుర్తుందా? వాటిని పడగొట్టిన గుర్తుల వరసలోనూ ఈ 200సీ ఉంది. తెలుగు టైప్ చేసేవాళ్లు ముందే పరీక్షించి ఉంటే అది అంతదూరం వచ్చేది కాదు.

సరే, ముందు ఇష్యూ, అంటే సమస్య ఏంటో చెప్పే నోటు రాశాను, తర్వాత కోడ్ పంపాను. సేవ్ చేసేటప్పుడే ఆ గుర్తును తీసేసేలా రాశాను. పంపిన కోడ్‌ని ముందుగా చూసే రివ్యూలో ఒకాయన ఆపేశాడు. పర్షియన్‌లో ఆ గుర్తు స్పెల్లింగ్‌లో భాగమట, తీసేస్తే వాళ్ల మాటలు పాడవుతాయట. మన పొల్లు గురించి తప్ప నేను ఆలోచించలేదు, ఆయన మాట నూటికి నూరు పాళ్లు నిజం. రెండు రకాలుగా దాచిన ఒకే అక్షరాన్ని ఒకటిగా చేసే యూనికోడ్ నార్మలైజేషన్ అప్పటికే ఉంది కదా అని ఇంకొకాయన అడిగాడు. అది ఈ గుర్తును ముట్టుకోదని చేసి చూపించాను. మళ్లీ రాశాను: దాచేది దాచినట్టే ఉండాలి, వెతికేటప్పుడు పోల్చే కాపీలో మాత్రం గుర్తు తీసేయాలి. అదే ఆ తొమ్మిది లైన్లు. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు ముప్పై లైన్లు దాటాయి. పంతొమ్మిది రోజులకు మెర్జ్ అయింది, అంటే అసలు కోడ్‌లో కలిసింది. ఆ టెస్ట్ ఫైల్‌లో ఇప్పుడు మరికల్, నవాబ్‌పేట తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. కొత్త వెర్షన్ వేశాక మామ మరికల్ అని కొడితే ముప్పై ఒక్క మంది వచ్చారు. ఆయన ఏమీ అనలేదు, పక్కనున్న ఫోన్ తీసి మొదటి పేరుకి కలిపాడు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే కార్యక్రమం ఉంది. 2020లో ఆ టీషర్టు కోసం ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్లలో ఒక మాట చేర్చి మార్పు తీసుకోమని అడిగే పుల్ రిక్వెస్టులు వేలకు వేలు పంపారు. జీతం లేకుండా ప్రాజెక్టులు చూసుకునేవాళ్ల రోజులన్నీ వాటిని మూసేయడానికే పోయాయి. రెజ్యూమే కోసం అలాంటి పని ఎవరు నేర్పినా చేయకు. మెషిన్ ట్రాన్స్‌లేషన్‌ని చదవకుండా ఎక్కించడం కూడా అంతే. ఈ సాఫ్ట్‌వేర్‌లోనే క్రెడిట్ అన్నచోట "ఘనత" అని ఉండేది. ఏ దుకాణంలో అంటారు ఆ మాట? మాకు ఉద్దెర, ఇంకోచోట అరువు. అందరికీ తెలియాలని "బాకీ" అని మార్చి పంపాను. అది రెండు రోజుల్లోనే తీసుకున్నారు.

నీది నల్గొండ అన్నావు కాబట్టి ఒక పని చెప్తాను. మీ ఊరిని నల్గొండ అనీ రాస్తారు, నల్లగొండ అనీ రాస్తారు. నా తొమ్మిది లైన్లతో అది తీరదు, ఎందుకంటే అక్కడ అక్షరాలే వేరు. ఒకే ఊరికి రెండు పేర్లు చెప్పుకునే చిన్న పట్టిక కావాలి, దాన్ని సెర్చ్ చూసుకోవాలి. ఇష్యూ రాసి పెట్టాను, ఇంకా ఎవరూ తీసుకోలేదు. కామెంట్‌లో అడుగు, లింక్ ఇస్తాను. మిర్యాలగూడ, దేవరకొండ వైపు జనం ఇంకా ఏయే ఊర్ల పేర్లు రెండు రకాలుగా రాస్తారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఆ పట్టికతోనే మొదలుపెట్టు.