నడుం కింద ఖాళీ ఉండకూడదు

కాటేదాన్,
హైదరాబాద్

చిరంజీవి అమ్మడికి,
బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పరుపు డ్రాయింగ్ చూశాను. అడుగున కొబ్బరి పీచు, దాని మీద రీబాండెడ్ (ఫోమ్ తునకలు అతికించి చేసేది), తర్వాత ఫోమ్, తర్వాత లేటెక్స్ (రబ్బరు ఫోమ్), ఆ పైన మెమరీ ఫోమ్ (నొక్కితే దిగి, మెల్లగా పైకి లేచేది), దాని మీద జెల్. ఆరు పొరలకూ మందం, రేటు అన్నీ వేశావు. ఆ పరుపు మీద పడుకునే మనిషి బరువెంత, ఎత్తెంత, వెల్లకిలా పడుకుంటారా, పక్కకు తిరిగి పడుకుంటారా అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఇన్నేళ్లుగా పరుపులు చేయిస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ముందు మనిషిని కొలువు. ఏ పొర ఎక్కడ కావాలో ఆ తర్వాత తేలుతుంది.

వెన్నెముక తిన్నగా ఉండదని నీకు తెలుసు. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుం దగ్గర మళ్లీ లోపలికి వంగుతుంది. నిలబడ్డప్పటి ఆ వంపులు పడుకున్నప్పుడు కూడా దాదాపు అలాగే ఉంటే కండరాలకు పని తప్పుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు బరువు ఎక్కువగా పిరుదుల మీద, వీపు మీద పడుతుంది. పరుపు మరీ మెత్తనైతే పిరుదులు దిగిపోతాయి, వాటితో పాటు నడుమూ దిగుతుంది. మరీ గట్టిదైతే నడుం కింద ఖాళీ మిగిలిపోతుంది. రాత్రంతా ఆ భాగాన్ని పట్టుకునేది ఎవరూ ఉండరు, పొద్దున లేవగానే నడుం పట్టేసినట్టుంటుంది. పక్కకు తిరిగి పడుకుంటే సమస్య ఇంకా పెద్దది. భుజం, తుంటి రెండూ నడుం కంటే వెడల్పు కదా. అవి పరుపులోకి దిగాలి, నడుం మాత్రం దిగకుండా కింది నుంచి ఆసరా అందాలి. భుజానికి చోటు దొరక్కపోతే చెయ్యి తిమ్మిరెక్కి మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. ఒకే పరుపు ఒకచోట లొంగాలి, జానెడు దూరంలో లొంగకుండా నిలబడాలి. నువ్వు డిజైన్ చేయాల్సింది అదే.

ఇది చూడటానికి పెద్ద మెషీన్లేమీ అక్కర్లేదు. ఒంటికి అతుక్కునే టీషర్టు వేసుకున్న మనిషిని పరుపు మీద పక్కకు తిరిగి పడుకోమను. మెడ కింద ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి తోక ఎముక దాకా వెన్ను వెంబడి స్టిక్కర్ బొట్టుబిళ్లలు అంటించుకుంటూ రా, రెండేసి అంగుళాలకు ఒకటి. ఎర్రవైతే ఫొటోలో బాగా కనబడతాయి. దిండు వాళ్లు ఇంట్లో వాడేదే ఉండాలి, కొత్తది పెడితే మెడ లెక్క తప్పుతుంది. పది నిమిషాలు కదలకుండా వదిలెయ్, ఫోమ్ సర్దుకోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. తర్వాత ఫోన్‌ను వీపు వెనక, పరుపు ఎత్తులోనే పెట్టి ఫొటో తియ్యి. బొట్ల వరుస పరుపుతో సమానంగా, తిన్నగా సాగితే బాగున్నట్టే. నడుం దగ్గర వరుస కిందికి జారిందంటే అక్కడ ఆసరా అందలేదు. తుంటి దగ్గర మొత్తంగా దిగిపోయిందంటే అడుగు పొరకు బలం చాలలేదు. భుజం వైపు పైకి లేచి ఉంటే పైపొర లొంగడం లేదు. వెల్లకిలా పడుకునేవాళ్లకైతే నడుం కింద అరచెయ్యి దూర్చి చూడు. కాస్త ఒరుసుకుంటూ వెళ్లాలి. సులువుగా దూరిపోతే ఖాళీ ఉన్నట్టు, అసలు దూరకపోతే పిరుదులు మరీ దిగిపోయినట్టు.

ఈ పరీక్ష మీ ఆఫీసు పిల్లల మీద మాత్రమే చేస్తే ఉపయోగం లేదమ్మా. అందరూ పాతికేళ్లవాళ్లు, వాళ్లకు బెంచీ మీద కూడా నిద్ర పడుతుంది. నలభై అయిదు కిలోల మనిషి, తొంభై కిలోల మనిషి, మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు, ఏడో నెల గర్భిణి, అందరినీ పిలువు. తేలికపాటి మనిషికి గట్టిగా తగిలే పరుపే బరువైన మనిషికి అడుగు దాకా నొక్కుకుపోతుంది. అందరికీ సరిపోయే పరుపు అని బోర్డు పెట్టుకోవద్దు. కనీసం రెండు రకాలు చెయ్యి.

మన ఊళ్లో ఏ షాపులో నడుం నొప్పి అని చెప్పినా ముందు చూపించేది అన్నిటికంటే గట్టి పరుపు. చెక్క మీద పడుకోమనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్న 313 మంది మీద ఒక అధ్యయనం చేశారు. కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు ఇచ్చారు, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే పడక మీద నొప్పి, లేచేటప్పుడు నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, మూడింటిలోనూ మధ్యరకం పరుపువాళ్లకే ఎక్కువ మెరుగు కనిపించింది. 2003లో లాన్సెట్‌లో వచ్చింది, వెతికి చదువు. ఇది తెలిసీ ‘ఆర్థో’ అని రాసి బల్లలాంటి పరుపు అమ్మేవాళ్లను చూస్తే నాకు బాధగానే ఉంటుంది. కొనేది నొప్పితో ఉన్న మనిషి కదా.

ఇక ఫోమ్. సప్లయర్లు నీతో డెన్సిటీ గురించే మాట్లాడతారు, 28, 32, 40 అంటూ. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పే అంకె అది. గట్టిదనం చెప్పదు. అదే 40 డెన్సిటీలో మెత్తటి ఫోమ్ కూడా పోయవచ్చు, గట్టిది కూడా పోయవచ్చు. డెన్సిటీని బట్టి తెలిసేది ఆ ఫోమ్ ఎన్నాళ్లు కుంగకుండా ఉంటుందన్నది, అందుకే అక్కడ పిసినారితనం చేయకు. చెప్పిన డెన్సిటీ నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ప్రతి వైపూ సరిగ్గా పది సెంటీమీటర్లు ఉండేలా ఒక ముక్క కోసి వంటింటి తూకం మీద పెట్టు. 40 డెన్సిటీ అయితే 40 గ్రాములు, 28 అయితే 28 గ్రాములు తూగాలి. ముప్ఫై గ్రాములు తూగేదాన్ని నలభై అని బిల్లు రాసినవాళ్లను నేను చూశాను. తూకం సరిపోయినా అక్కడితో ఆగకు, బరువు కోసం ఫోమ్‌లో సుద్దపొడి కలిపేవాళ్లూ ఉన్నారు. ముక్కను నాలుగైదు సార్లు గట్టిగా పిండి నల్లగుడ్డ మీద దులుపు. తెల్లగా పొడి రాలితే ఆ సప్లయర్‌కు దండం పెట్టి వచ్చెయ్.

గట్టిదనం కోసం ఐఎల్‌డీ అంకె అడుగు. ఎనిమిది అంగుళాల గుండ్రటి పలకతో ఫోమ్‌ను దాని మందంలో నాలుగో వంతు నొక్కడానికి ఎంత బలం పట్టిందో చెప్పే అంకె అది. అక్కడితో ఆగకుండా 65 శాతం నొక్కడానికి ఎంత పట్టిందో కూడా అడిగి, దాన్ని మొదటి అంకెతో భాగించు. వచ్చేదాన్ని సపోర్ట్ ఫ్యాక్టర్ అంటారు. రెండుకు తక్కువైతే ఆ ఫోమ్ చేత్తో నొక్కినప్పుడు బాగానే ఉంటుంది, మనిషి పడుకోగానే చేతులెత్తేస్తుంది. రెండున్నర దగ్గర ఉంటే పైన మెత్తగా లొంగి, లోపలికి వెళ్లేకొద్దీ ఎదురు నిలబడుతుంది. మంచి హెచ్‌ఆర్ ఫోమ్‌లో (హై రెసిలియన్స్, అంటే నొక్కి వదిలితే చటుక్కున పైకి లేచే రకం) ఈ గుణం ఉంటుంది. ఈ ఒక్క అంకె తెలియక చాలామంది పొర మీద పొర వేసుకుంటూ పోతారు.

అందుకే నీ ఆరు పొరలు నాకు నచ్చలేదు. పొరకూ పొరకూ మధ్య జిగురు పడుతుంది. ఆ జిగురు ఆరితే అక్కడ ఒక బిరుసు పలుచని రేకు తయారవుతుంది, గాలి కూడా ఆడదు. మొదటి పరుపుకు రెండు పొరలు చాలు. అడుగున నాలుగు అంగుళాల గట్టి హెచ్‌ఆర్, 40 డెన్సిటీ. పైన రెండు అంగుళాల లేటెక్స్, బడ్జెట్ చాలకపోతే మెత్తటి హెచ్‌ఆర్. బరువైనవాళ్లకు చేసేదానిలో అడుగు పొర గట్టిదనం పెంచు, పైపొర జోలికి పోకు. జిగురు వాటర్ బేస్డ్ రకం వాడు, ప్యాక్ చేసేముందు రెండు మూడు రోజులు గాలికి వదిలెయ్. కొత్త పరుపు వాసనకు తలనొప్పి వచ్చిందని వాపసు పంపేవాళ్లున్నారు, వాళ్ల తప్పేం లేదు.

మెమరీ ఫోమ్ మీద నీకు మోజుందని తెలుసు. 1966లో నాసా పని మీద ఛార్లెస్ యోస్ట్ అనే ఆయన విమానం సీట్ల కోసం తయారుచేసిన సరుకు అది, గొప్పదే. కానీ అది వేడికి మెత్తబడుతుంది, చలికి బిరుసెక్కుతుంది. మే నెలలో మన ఊళ్లో నలభై డిగ్రీలు దాటిన రోజు, కరెంటు పోయిన రాత్రి దాని మీద పడుకున్న మనిషి లోపలికి దిగిపోయి చెమటలు కక్కుతాడు. ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకున్న గదిలో అదే పరుపు ఎక్కగానే గట్టిగా తగులుతుంది. పైగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగడానికి ఒళ్లంతా ఎత్తి తిప్పుకోవాలి. వయసు మీద పడ్డవాళ్లకు అది నరకం. పెట్టాలనే ఉంటే అంగుళం మించకుండా పెట్టు. లేటెక్స్ వెంటనే పైకి లేస్తుంది, అచ్చులోనే దానికి పడే రంధ్రాల వల్ల గాలీ ఆడుతుంది. మన వాతావరణానికి నా ఓటు దానికే.

భుజానికి, నడుముకు, తుంటికి వేరు వేరు జోన్లు, అంటే ఒక్కో చోట ఒక్కో గట్టిదనం, పెడదామని రాశావు. ఆలోచన మంచిదే, ఏడు జోన్లు మాత్రం వద్దు. అయిదడుగుల మనిషి నడుం వచ్చే చోట ఆరడుగుల మనిషి నడుం రాదు. ఎక్కువ ముక్కలు చేస్తే గట్టి ముక్క వెళ్లి ఎవరి భుజానికో గుచ్చుకుంటుంది. భుజం భాగంలో అడుగు పొరకు అడ్డంగా గాట్లు పెట్టి కాస్త లొంగేలా చెయ్యి, మిగతాది వదిలెయ్. అంతకంటే పనికొచ్చే మాట చెబుతా. డబుల్ కాట్ పరుపును ఒకే గలీబులో రెండు సగాలుగా చెయ్యి, ఆమె వైపు ఒక గట్టిదనం, ఆయన వైపు ఇంకొకటి. మొగుడూ పెళ్లాల బరువులో ముప్ఫై కిలోల తేడా ఉన్న ఇళ్లు ఎన్ని లేవు! బరువైనవాళ్ల వైపు పరుపు కుంగి, రెండోవాళ్లు రాత్రంతా ఆ పల్లంలోకి జారుతుంటారు.

పైగుడ్డ దగ్గర జాగ్రత్త. లోపల ఎంత మంచి లేటెక్స్ పెట్టినా, పైన మందపాటి క్విల్టింగ్ బిగించి కుడితే ఆ మెత్తదనం పైకి రాదు. గుడ్డ డోలు మీద తోలులా బిగుసుకుని ఉంటే భుజం దిగదు. సాగే అల్లిక గుడ్డ తీసుకో, చుట్టూ జిప్ పెట్టు, తీసి ఉతుక్కునేలా ఉండాలి. వచ్చిన ప్లాస్టిక్ కవర్ తీయకుండా దాని మీదే దుప్పటి వేసుకుని పడుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. కవర్ మీదే పెద్దక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాయించు, తీసేయమని.

ఎండ సంగతి కూడా రాయించాలి. దూది పరుపుల కాలం నుంచి మనవాళ్లకు వేసవి రాగానే పరుపు డాబా మీద ఆరేసే అలవాటు. దూదికి ఎండ మంచిది, ఏకించి మళ్లీ కుట్టిస్తే కొత్తదైపోయేది. ఫోమ్‌కు, లేటెక్స్‌కు ఎండ విషం. ఎండలో పడితే ఫోమ్ పసుపు రంగుకు తిరిగి పొడి రాలుతుంది, లేటెక్స్ పెళుసెక్కుతుంది. గలీబు ఎండలో, పరుపు నీడలో గాలికి, అంతే.

మంచం చూడకుండా పరుపు అమ్మకు. ఇప్పుడన్నీ ప్లైవుడ్ బాక్స్ మంచాలే, కింది నుంచి గాలి ఆడదు. వానాకాలంలో పరుపు అడుగున బూజు వాసన వస్తుంది. ప్లైవుడ్‌కు అక్కడక్కడా రంధ్రాలు పెట్టించుకోమని చెప్పు. పాత నవారు మంచం మీద వేసుకుంటామంటే నవారు బిగించమను, అది వదులుగా ఉంటే నువ్వు చేసిన లెక్కలన్నీ మధ్యలో గుంటలో కలిసిపోతాయి. ఎత్తూ చూడు. మంచం, పరుపు కలిపి మనిషి మోకాలి ఎత్తుకు రావాలి, కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. పదంగుళాల పరుపు అందంగానే ఉంటుంది, పొట్టి మనుషులకు కాళ్లు గాలిలో వేలాడతాయి.

నడుం నొప్పి తగ్గిస్తుందని ప్రకటనలో రాయొద్దు. నడుం నుంచి కాలిలోకి లాగే నొప్పి, తిమ్మిరి ఉన్నవాళ్లు వస్తే ముందు డాక్టర్‌కు చూపించుకోమని చెప్పి పంపు, అమ్మకం పోయినా పరవాలేదు. షోరూంలో అయిదు నిమిషాలు పడుకుని ఎవరూ ఏమీ తేల్చుకోలేరు. ఒళ్లు కొత్త పరుపుకు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. నెలరోజులు వాడి నచ్చకపోతే పైపొర మార్చి ఇస్తామని చెప్పు. జిప్ పెట్టావు కాబట్టి అది నీకు పెద్ద ఖర్చు కాదు.

సోమవారం నుంచి శనివారం దాకా నేను యూనిట్‌లోనే ఉంటాను. సప్లయర్లు ఇచ్చిన ఫోమ్ ముక్కలన్నీ పేర్లు రాసి సంచిలో వేసుకుని రా, తూచి చూద్దాం. వీలైతే నాన్నమ్మను కూడా తీసుకురా. పరుపు అంచు ఎంత గట్టిగా ఉంటే ఆవిడ చేత్తో ఆనుకుని తనంతట తాను లేవగలదో కూర్చోబెట్టి చూడాలి. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

మీ బాబాయ్