చిన్న ఆవిరి యంత్రాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఊగే సిలిండర్‌తో చిన్న ఇంజన్ చేశాను. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 10 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ ప్రయాణం) 16. సిలిండర్ ఊగే పిన్ను నుంచి క్రాంక్ షాఫ్ట్ నడిమికి 40 మి.మీ., అదే పిన్ను నుంచి ఆవిరి బెజ్జానికి 12. బెజ్జాలన్నీ 3 మి.మీ. డ్రిల్‌తో వేశాను. గాలి పెడితే బుస్సుమంటూ బయటికి పోతుందే కానీ ఇంజన్ తిరగదు. ఫ్లైవీల్ చేత్తో తిప్పి వదిలితే ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. పిస్టన్ వదులేమోనని కొత్తది చేసి వేశాను, లాభం లేదు.

జవాబు: పిస్టన్ జోలికి ఇక వెళ్లకండి. కొలతలన్నీ రాసి పంపారు కాబట్టి తప్పు కాగితం మీదే దొరికింది. స్ట్రోకు 16 అంటే క్రాంక్‌పిన్ షాఫ్ట్ నడిమి నుంచి 8 మి.మీ. దూరంలో ఉంది. 8ని 40తో భాగిస్తే 0.2. దాన్ని 12తో గుణిస్తే 2.4. సిలిండర్‌లోని బెజ్జం నడిమి గీత నుంచి అటు 2.4, ఇటు 2.4 మి.మీ. మాత్రమే జరుగుతుంది. ఫ్రేములో ఆవిరి వచ్చే బెజ్జం, పోయే బెజ్జం ఆ రెండు కొసల్లో ఉంటాయి. పిస్టన్ డెడ్ సెంటర్‌లో (స్ట్రోకు కొసన) ఉన్నప్పుడు సిలిండర్ బెజ్జం రెంటికీ అందకుండా నడుమ నిలవాలి. బెజ్జాల వ్యాసం 2.4 కంటే తక్కువైతేనే అది కుదురుతుంది. మీవి 3 మి.మీ. కాబట్టి ఒక్కో పక్క 0.6 మి.మీ. మేర రెండూ ఒకేసారి తెరుచుకుంటున్నాయి. వచ్చిన గాలి పిస్టన్‌ను తోసే పని లేకుండా నేరుగా బయటి దారి పడుతోంది.

మూడింటినీ 2 మి.మీ.కు తగ్గించండి. పాత బెజ్జాల్లో ఇత్తడి ముక్కలు బిగించి, టంకం పెట్టి, ముఖం చదును చేసి మళ్లీ డ్రిల్ చేయొచ్చు. ఫ్రేముకు మాత్రం 3 మి.మీ. ఇత్తడి రేకుతో కొత్త పలక చేసుకోవడమే తక్కువ పని. సిలిండర్ పొడవు చాలితే ఇంకో దారి ఉంది: బెజ్జాన్ని పిన్ను నుంచి 16 మి.మీ. దూరానికి జరిపితే కదలిక 3.2 అవుతుంది, అప్పుడు 2.8 మి.మీ. బెజ్జం కూడా పనిచేస్తుంది.

డ్రిల్ చేసేటప్పుడు స్కేలు, పంచ్ నమ్ముకుంటే పావు మిల్లీమీటరు ఎటో ఒకటు పోతుంది. దానికి బదులు ఒక ఉక్కు పట్టీ తీసుకుని, ఒకే వరసలో మూడు బెజ్జాలు వేయండి: ఊగే పిన్నుకు ఒకటి, దానికి 12 మి.మీ. అవతల 2 మి.మీ. బెజ్జం, ఇవతల 39.2 మి.మీ. దూరంలో క్రాంక్‌పిన్ పట్టేది. ఆ 39.2 ఊరికే రాలేదు. సిలిండర్ పూర్తిగా పక్కకు ఒరిగినప్పుడు ఊగే పిన్నుకూ క్రాంక్‌పిన్‌కూ మధ్య ఉండే దూరం అదే. కాబట్టి పట్టీ ఆ రెండు కొసల దగ్గరే క్రాంక్‌పిన్‌కు ఎక్కుతుంది. ఎక్కిన చోట పట్టీలోంచే ఫ్రేమును డ్రిల్ చేయండి. సిలిండర్ బెజ్జానికీ అదే పట్టీ వాడండి. పట్టీలో చిన్న తేడా ఉన్నా రెండు వైపులా ఒకేలా వస్తుంది కాబట్టి ఇంజన్ పట్టించుకోదు.

బెజ్జాలు సరిచేశాక కూడా బుస్సుమంటే సిలిండర్, ఫ్రేము ఒకదానికొకటి రాసుకునే ముఖాలు చూడండి. మందపాటి గాజు పలక మీద 600 నంబరు ఎమరీ పేపరు పరిచి, నూనె చుక్క వేసి, రెండు ముఖాలనూ ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. తర్వాత 1000 నంబరు. ఒక ముఖానికి మార్కర్ సిరా పూసి, బిగించి, నాలుగుసార్లు ఊపి విప్పండి. సిరా ఒక పక్కనే చెరిగితే పిన్ను వంకరగా ఉంది. దాన్ని తీసి నిటారుగా వేయాల్సిందే, సిలిండర్‌ను ఫ్రేముకు అదిమిపట్టే స్ప్రింగు బిగించినంత మాత్రాన అది సర్దుకోదు. పిన్ను చుట్టూ ముఖాన్ని 8 మి.మీ. వెడల్పున అర మిల్లీమీటరు లోతు తీసేస్తే మిగిలిన ముఖం బాగా అతుక్కుంటుంది. స్ప్రింగు నట్టును గాలి ఆగేంతవరకు బిగించి, అక్కడితో వదలండి. బాగా కుదిరిన ఇంజన్ ఈ సైజులో నోటితో ఊదినా తిరుగుతుంది.

ప్రశ్న: 50 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం ఉన్న రాగి గొట్టంతో బాయిలర్ చేస్తున్నాను. 3 బార్ ఒత్తిడి చాలు. అంత తక్కువకు ఎలక్ట్రానిక్స్ టంకం సరిపోదా? పరీక్షించడానికి ఎయిర్ కంప్రెసర్ ఉంది.

జవాబు: రెండింటికీ సమాధానం వద్దు అనే.

3 బార్ దగ్గర ఆవిరి వేడి సుమారు 144 డిగ్రీల సెల్సియస్. సీసం, తగరం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీలకు కరిగిపోతుంది, దానికి చాలా ముందే మెత్తబడి బలం కోల్పోతుంది. నీళ్లున్నంతసేపు ఏమీ కాకపోవచ్చు. మంట ఉండగా నీళ్లు అయిపోతే రాగి వేడి నిమిషాల్లో ఆ గీత దాటుతుంది. వెండి కలిసిన టంకం 600 డిగ్రీలు దాటితే గానీ కరగదు. బాయిలర్ అతుకులన్నీ దానితోనే వేయండి. గొట్టాలు బిగించే బుష్‌లు కంచువి పెట్టండి, ఇత్తడివి వద్దు. వేడి నీళ్లలో ఇత్తడిలోని జింకు మెల్లగా కరిగిపోయి, పైకి నిక్షేపంగా కనబడుతూనే లోపల గుల్లబారుతుంది.

మీ గొట్టం బలానికి ఢోకా లేదు. 3 బార్ దగ్గర దాని గోడ మీద పడేది చదరపు మిల్లీమీటరుకు 6 న్యూటన్లకు కాస్త పైన. కాల్చి మెత్తబరిచిన రాగి తెగడానికి సుమారు 200 కావాలి. బలహీనమైనవి ఆ చదునైన మూతలు. 50 మి.మీ. మూత మీద 3 బార్ అంటే దాదాపు 590 న్యూటన్లు, అంటే అరవై కిలోల మనిషి దాని మీద నిలబడినట్టు. మూతలు 2 మి.మీ. రాగి రేకుతో, అంచు మడిచి చేయండి. రెండు మూతలనూ కలుపుతూ 5 మి.మీ. కంచు కడ్డీని లోపలి నుంచి దూర్చి, రెండు చివర్లా టంకం వేయండి. ఉక్కు కడ్డీ వద్దు, తుప్పు పడుతుంది.

ఇక కంప్రెసర్. గాలి స్ప్రింగులాంటిది, నొక్కితే శక్తిని దాచుకుంటుంది. అతుకు విడిపోతే ఆ శక్తంతా ఒక్కసారిగా బయటికొచ్చి మూతను విసిరికొడుతుంది. చల్లని నీళ్లు దాదాపు నొక్కుకోవు, అందుకే అతుకు పోయినా ఒక చిమ్ము చిమ్మి ఊరుకుంటాయి. బాయిలర్‌ను అంచుదాకా నింపి, అటూ ఇటూ వంచి గాలి బుడగలన్నీ పోగొట్టి, చేతి పంపుతో ఒక్కో బార్ చొప్పున పెంచండి. కొత్త బాయిలర్‌ను పనిచేసే ఒత్తిడికి రెట్టింపు దాకా, అంటే మీకు 6 బార్ దాకా, పరీక్షించడం ఆనవాయితీ. ఆ తర్వాత చేసే పరీక్షలకు ఒకటిన్నర రెట్లు చాలు. 15 నిమిషాలు ఆపండి. ముందూ తర్వాతా మూతల మీద స్కేలు అంచు నిలబెట్టి చూడండి. ఉబ్బి, ఒత్తిడి తీశాక కూడా వెనక్కి రాకపోతే ఆ మూత పనికిరాదు.

ఇంత జాగ్రత్త దేనికంటారా? 3 బార్ మీద ఉన్న 100 మి.లీ. నీళ్లకు ఒక్కసారిగా దారి దొరికితే అందులో 8 గ్రాములు అక్కడికక్కడే ఆవిరైపోతాయి. అది 13 లీటర్ల పైచిలుకు ఆవిరి, అదీ మీ ముఖానికి జానెడు దూరంలో. సేఫ్టీ వాల్వును కూడా మంట పూర్తిగా పెట్టి, ఇంజన్‌కు వెళ్లే దారి మూసి పరీక్షించాలి. వాల్వు ఊదుతున్నా ఒత్తిడి చూపే ముల్లు 3.3 బార్ దాటి పోతుంటే దాని దారి ఇరుకు. స్ప్రింగు సర్ది లాభం లేదు, పెద్ద వాల్వు వేయాలి.

ప్రశ్న: వెండి టంకం పారడం లేదు. ఉండలు కట్టి, పూసలా దొర్లిపోతోంది. మంట నేరుగా టంకం కడ్డీ మీదే పెడుతున్నాను.

జవాబు: తప్పు మీ చివరి వాక్యంలోనే ఉంది. టంకాన్ని కరిగించాల్సింది మంట కాదు, వేడెక్కిన రాగి. కడ్డీ ముందే కరిగి చల్లటి రాగి మీద పడితే ఉండ కట్టక ఏం చేస్తుంది? మంటను మందంగా ఉన్న భాగం మీద, అతుకుకు అవతలి పక్క ఆడించండి. ఫ్లక్స్ (టంకం పారడానికి అతుకుకు పూసే మందు) మొదట పొంగి తెల్లబడి, తర్వాత నీళ్లలా పల్చగా, గాజులా మెరుస్తుంది. అప్పుడు మంట కాస్త పక్కకు తీసి కడ్డీని అతుకుకు తాకించండి. సందులోకి సర్రున లాక్కుంటుంది. వేడి ఎటుంటే టంకం అటు పారుతుంది.

అతుకు సందు 0.05 నుంచి 0.15 మి.మీ. మధ్య ఉండాలి. సుత్తితో కొట్టి బిగించిన అతుకులోకి టంకం దూరదు, మరీ వదులైతే నిలవదు. రాగి వేడిని పీల్చి పంచేస్తుంది కాబట్టి 50 మి.మీ. బాయిలర్‌కు పెన్ను సైజు టార్చి ఆనదు. ఎంతసేపు కాల్చినా ఎర్రబడదు, ఈలోగా ఫ్లక్స్ మాడి నల్లబడుతుంది. నల్లబడిన ఫ్లక్స్ మీద ఎంత టంకం వేసినా దండగే. చల్లార్చి, కడిగి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. పెద్ద బర్నరు వాడండి, పనిముక్క చుట్టూ మూడు వైపులా వేడిని ఆపే తేలికపాటి ఇటుకలు పేర్చండి. చివర్లో లీటరు నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అందులో ఒక గంట నానబెడితే మసి వదిలిపోయి అతుకు కనిపిస్తుంది. కాడ్మియం ఉన్న పాత రకం కడ్డీలు ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, ఆ పొగ విషం.

ప్రశ్న: స్లైడ్ వాల్వు (జారుతూ ఆవిరి దారులను తెరిచి మూసే పలక) ఇంజన్ తిరుగుతోంది కానీ కుంటుతోంది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ నీరసంగా.

జవాబు: ఆవిరి పెట్టె మూత తీసి, క్రాంక్‌ను ఒక డెడ్ సెంటర్‌కు తెచ్చి, వాల్వు అంచు పోర్టును (సిలిండర్‌లోకి ఆవిరి వెళ్లే దారిని) ఎంత తెరిచిందో చూడండి. రెండో డెడ్ సెంటర్ దగ్గర కూడా చూడండి. ఒక చోట 0.5, ఇంకో చోట 0.1 ఉంటే తేడా 0.4. అందులో సగం, 0.2 మి.మీ., వాల్వును దాని కడ్డీ మీద జరపండి. రెండు చోట్లా 0.3 వస్తుంది, కుంటు పోతుంది. ఎక్సెంట్రిక్‌ను (షాఫ్ట్ మీద ఉండి వాల్వును ఆడించే చక్రాన్ని) ముందే కదిపేసేవాళ్లు ఎక్కువ. అలా చేస్తే రెండు తప్పులు కలిసిపోయి ఏది ఎక్కడిదో తెలియదు.

సమానం చేశాకే ఎక్సెంట్రిక్ సంగతి. అది తిరిగే దిశలో క్రాంక్ కంటే 90 డిగ్రీలు, ఆపైన ఇంకొంచెం ముందుండాలి. ఆ కొంచెం ఎంతన్నది వాల్వు ల్యాప్‌ను (వాల్వు నడుమ ఉన్నప్పుడు పోర్టు అంచు దాటి కప్పే మేరను) బట్టి ఉంటుంది. ల్యాప్ 0.8, లీడ్ (డెడ్ సెంటర్ దగ్గర పోర్టు తెరుచుకునే మేర) 0.1, వాల్వు మొత్తం ప్రయాణం 5 మి.మీ. అనుకుంటే 0.9ని 2.5తో భాగించాలి: 0.36. సైన్ విలువ 0.36 ఉండే కోణం 21 డిగ్రీలు. మొత్తం 111. రెండు డెడ్ సెంటర్ల దగ్గరా 0.1 తెరుచుకునేదాకా ఎక్సెంట్రిక్‌ను తిప్పి స్క్రూ బిగించండి.

ప్రశ్న: పిస్టన్‌కు ఏ ఓ-రింగ్ మంచిది?

జవాబు: వైటాన్ రబ్బరుది. నైట్రైల్ ఆ వేడికి కొన్నాళ్లకే గట్టిపడి పెళుసవుతుంది. ఈపీడీఎమ్ ఆవిరిని బాగా తట్టుకుంటుంది కానీ ఖనిజ నూనె తగిలితే ఉబ్బిపోతుంది, సిలిండర్‌లో నూనె ఎలాగూ ఉంటుంది. రింగు బిగువు స్వల్పంగానే ఉండాలి. ఇంజన్‌ను చేత్తో తిప్పినప్పుడు రింగు ఉన్నట్టు తెలియాలి, అంతే. ఫ్లైవీల్ ఆగిపోతే గాడి ఇంకాస్త లోతు చేయండి.

ప్రశ్న: ఆవిరి గొట్టానికి లూబ్రికేటర్ (సిలిండర్‌కు నూనె అందించే డబ్బా) పెట్టాను. నూనె మొత్తం రెండు నిమిషాల్లో పొగగొట్టంలోంచి బయటికి కక్కేస్తోంది.

జవాబు: గొట్టంలోని బెజ్జం పెద్దదై ఉంటుంది. లూబ్రికేటర్‌లోకి దూరిన కొద్దిపాటి ఆవిరి చల్లబడి నీరవుతుంది. నీరు బరువు కాబట్టి అడుక్కి దిగి, అంత మేరకు నూనెను పైకి తోస్తుంది. చుక్క చుక్కగా సాగాల్సిన పని ఇది. 0.5 మి.మీ. బెజ్జం చాలు, ఇంకా ఎక్కువనిపిస్తే సూది వాల్వు పెట్టండి. బండి ఇంజన్ నూనె వాడుతుంటే మానండి. అది పల్చన, పైగా నీళ్లతో కలిసి పాల మీగడలా తయారవుతుంది. ఆవిరి సిలిండర్ల కోసం వచ్చే 460 గ్రేడు చిక్కటి నూనె వేరే ఉంది. ప్రతిసారీ నడిపాక అడుగు స్క్రూ విప్పి నీళ్లు వదలడం మరవద్దు.

ప్రశ్న: కంచు సిలిండర్‌లో ఎమ్3 ట్యాప్ (3 మి.మీ. స్క్రూకు మర కోసే పనిముట్టు) విరిగి ఇరుక్కుపోయింది. సిలిండర్ పారేయాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు, పటిక ఉంది. గాజు లేదా ఎనామిల్ గిన్నెలో వేడి నీళ్లు పోసి, పటిక ఇక కరగనంతవరకు కలపండి. సిలిండర్‌ను విరిగిన ట్యాప్ పైకి ఉండేలా ముంచి, మరిగీ మరగని వేడిలో ఉంచండి. ఉక్కు నుంచి సన్నని బుడగలు లేస్తాయి, నల్లటి మడ్డి ఊడుతుంది. కంచుకు ఏమీ కాదు. ట్యాప్ లావును బట్టి కొన్ని గంటలు పడుతుంది. ఆవిరైన నీళ్లు పోస్తూ ఉండాలి, మడ్డిని బ్రష్‌తో తోస్తూ ఉండాలి. ఆ బుడగలు హైడ్రోజన్, కాబట్టి కిటికీలు తెరవండి, గిన్నె కింద గ్యాస్ మంట కాకుండా కరెంటు హీటరు పెట్టండి. సిలిండర్‌కు ఉక్కు స్టడ్లు ఉంటే ముందే తీసేయండి, లేకపోతే వాటినీ తినేస్తుంది.

ఈసారి డ్రిల్ 2.5 బదులు 2.6 మి.మీ. వేయండి. మర పట్టు 77 శాతం నుంచి 62కు తగ్గుతుంది, చిన్న ఇంజన్‌కు అది ధారాళంగా సరిపోతుంది. ట్యాప్ మీద పడే బరువు మాత్రం బాగా తగ్గుతుంది. అడుగు మూసుకున్న బెజ్జమైతే అర చుట్టుకోసారి వెనక్కి తిప్పడమే చాలదు, నాలుగైదు చుట్లకోసారి ట్యాప్ పూర్తిగా బయటికి తీసి పొడి దులపండి. అడుగున చేరిన పొడి మీద ట్యాప్ మొన ఆనినప్పుడే చాలావరకు విరుగుతాయి.