సాందన్మే మనిషి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ చదివాను. సుమో గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ. అందులోనూ నువ్వు అందరికన్నా పై ర్యాంకు వాళ్లైన యోకోజునాలను వదిలేసి, కింది తరగతుల్లో ముప్పై ఏళ్లు గడిపిన మల్లుణ్ని ఎంచుకున్నావు. ఆ ఎంపిక నాకు చాలా నచ్చింది. అందుకే నచ్చనిది కూడా దాచకుండా చెబుతున్నాను. మొదటి పేరా నుంచి చివరిదాకా నువ్వు అతని మీద జాలిపడుతూనే ఉన్నావు. ‘పాపం’ అనే మాట ఎక్కడా వాడలేదు గానీ ప్రతి వాక్యం వెనకా అదే వినిపిస్తోంది.

డబ్బు లెక్క బాగా రాశావు. మకుఉచి, జూర్యో కలిపి పై రెండు తరగతుల్లో ఉండేది 70 మందే, జీతం వాళ్లకే. జూర్యోలో అడుగుపెడితే నెలకు 11 లక్షల యెన్లు. ఆరు తరగతుల్లో పైనుంచి నాలుగోదైన సాందన్మేలో ఉన్నవాడికి జీతం లేదు, 2019లో పెంచాక కూడా రెండు నెలలకోసారి జరిగే టోర్నమెంటుకు లక్షా పదివేల యెన్ల భత్యమే. కానీ ఇంకో లెక్క వదిలేశావు. కింది తరగతుల్లో 15 రోజులకు 7 కుస్తీలే ఉంటాయి. నాలుగు గెలిస్తే ర్యాంకు పెరుగుతుంది, నాలుగు ఓడితే తగ్గుతుంది. సాందన్మేకీ దాని కింది తరగతి జోనిదాన్‌కీ మధ్య పైకీ కిందికీ తిరుగుతూ ముప్పై ఏళ్లు నిలబడ్డాడంటే ఇంచుమించు సగం కుస్తీలు గెలిచినట్టే. నీ కథలో అతను ఒక్కసారి కూడా గెలవలేదు! నలభై దాటిన మనిషి ఇరవై ఏళ్ల కుర్రాణ్ని కుస్తీ బరి అయిన దోహ్యో అవతలికి నెట్టేసిన ఉదయం ఏది? ఆ సాయంత్రం అతను ఎలా అన్నం తిన్నాడు?

హనాకాజే గురించి నీకు తెలిసే ఉంటుంది. 1986 మార్చిలో పదిహేనేళ్ల వయసులో తాత్సునామి హేయాలో, అంటే మల్లులు కలిసి ఉండి సాధన చేసే ఇంట్లో, చేరాడు. 2022 జనవరిలో, 51 ఏళ్లకు రిటైరయ్యాడు. సాందన్మే దాటి పైకి వెళ్లలేదు. యాభై దాటినవాడు పోటీలో దిగడం 1912లో ముగిసిన మెయిజీ కాలం తర్వాత అదే మొదటిసారి. రెండు వందలకు పైగా బంజుకేల్లో అతని పేరు అచ్చయింది. ర్యాంకుల పట్టిక అయిన ఆ బంజుకేని గ్యోజీలు, అంటే రెఫరీలు, కుంచెతో రాస్తారు. పైవాళ్ల పేర్లు లావుగా ఉంటాయి, కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు సన్నబడి భూతద్దం పెట్టి చూడాల్సి వస్తుంది. అయినా ప్రతిసారీ ఆ పేరును ఎవరో ఒకరు చేత్తో రాశారు.

ఇచినోయాను కూడా చూడు. తోకునోషిమా దీవి మనిషి, ర్యూక్యూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివాడు. పొట్టివాడు. ఆ చదువుతో ఏ ఉద్యోగమైనా చేసుకోగలిగినవాడు 1983 నవంబరులో సుమోలోకి వచ్చి, 2007 నవంబరు దాకా, 46 ఏళ్ల వయసు వరకు కుస్తీ పట్టాడు. అతనూ సాందన్మే దాటలేదు. ఆ తర్వాత తాకాసాగో హేయాకు మేనేజరయ్యాడు. వేరే దారి లేక ఉండిపోయాడని అతని విషయంలో అనలేం కదా. నీ పాత్రకు మాత్రం వేరే దారే లేకుండా చేశావు. అతను ఎందుకు ఉండిపోయాడో నువ్వు నిజంగా ఆలోచించలేదని నాకు అనిపించింది.

నీ కథకు అసలు చోటు హేయా లోపల ఉంది. అక్కడ వయసుకన్నా ర్యాంకు పెద్దది. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు జూర్యోకి చేరగానే అతనికి సొంత గది వస్తుంది, ముందు స్నానం, ముందు భోజనం వస్తాయి, సేవ చేయడానికి త్సుకెబితోలు వస్తారు. ఆ త్సుకెబితో నలభై ఏళ్లవాడు కావచ్చు. కుర్రాడి వీపు రుద్దుతాడు, సామాను మోస్తాడు, రాత్రికి అందరితోపాటు పెద్ద హాల్లో పడుకుంటాడు. నువ్వు ఈ సంగతిని ఒక్క వాక్యంలో ‘అవమానం’ అని తేల్చేశావు. అంత తొందర వద్దు. ఆ కుర్రాడు హేయాలో చేరిన మొదటి వారం రాత్రిళ్లు ఇంటిమీద బెంగతో ఏడుస్తుంటే ఓదార్చింది ఇతనే అయితే? మల్లులు రోజూ తినే చాంకో కూర కుండలో ఏది ఎప్పుడు వెయ్యాలో, మోకాలు వాస్తే ఏం చెయ్యాలో, గురువు ఏ రోజు కోపంగా ఉంటాడో తెలిసింది ఇతనికే. వాళ్లిద్దరినీ ఒక గంటసేపు మాట్లాడుకోనివ్వు. నువ్వు మధ్యలోకి రాకు.

పోటీ రోజు కూడా సాయంత్రం నుంచి మొదలుపెట్టావు. అది పైవాళ్ల వేళ. నీ మనిషి వేళ పొద్దున. ఎనిమిదిన్నర ప్రాంతంలో టోక్యోలోని సుమో పోటీల హాలు ర్యోగోకు కోకుగికాన్‌లో కుర్చీలన్నీ ఖాళీ. నల్లటి నూలు మావాషి (మల్లులు నడుముకు చుట్టుకునే గోచీ) కట్టుకుని దిగుతారు. పైవాళ్లలా ఉప్పు చల్లే తతంగం ఉండదు. రెఫరీ కూడా చెప్పుల్లేని కుర్రాడే. క్షణాల్లో తేలిపోతుంది. ఈ వివరాలు ఉన్నవి ఉన్నట్టు రాయి, వాటికి నీ బాధ జోడించకు.

ఓటములకే పేరుపడ్డ మల్లుడు హత్తోరిజాకురా ప్రస్తావన తీసెయ్యి. 3 గెలుపులు, 238 ఓటములు అనగానే పాఠకుడు నవ్వుతాడు. ఆ నవ్వు నీ కథకు పనికిరాదు. అతని గురించి రాయాలంటే అది వేరే కథ, దాన్ని శ్రద్ధగా విడిగా రాయాలి.

ఉత్తరం చివర నీ గురించి అడిగావు, పత్రికలు తిప్పి పంపుతుంటే ఎంతకాలం రాయాలని. దీనికి జవాబు సుమోలో వెతక్కు. వాళ్లకు రెండు నెలలకోసారి ఎవరెక్కడ ఉన్నారో అచ్చులో తెలుస్తుంది. మనకు అలాంటి పట్టిక లేదు, సంపాదకుడి తిరస్కారం అలాంటి పట్టిక కాదు. రాసే గంటలు నీకు ఇష్టంగా గడుస్తున్నాయా లేదా అన్నది ఒక్కటే నువ్వు చూసుకోవలసింది. ఈ కథలో వంటగది పేజీలు నువ్వు ఇష్టంగానే రాశావు, చదువుతుంటే తెలిసిపోయింది.

ముందు ఆ పేజీలు పెంచు. రిటైరయ్యే భాగం కూడా మార్చాలి: సాందన్మే వాళ్లకు సుమో సంఘంలో పెద్దల పదవి దక్కదు, కాబట్టి రిటైరై జుట్టుముడి కోయించుకున్నాక ఏ పనికి వెళ్తాడో నీకు తెలిసి ఉండాలి. వచ్చే నెల ఊళ్లోనే ఉంటాను, తిరగరాసింది పంపు.

ప్రేమతో,
మీ అన్నయ్య